దోషాలన్నీ తీసేసిన ఇల్లు

జూన్ 9, ఆదివారం

ఇవాళ కూడా ఇల్లు దొరకలేదు. ఒక స్టీలు టిఫిన్ డబ్బా దొరికింది. ముత్తంగి అవతల కొత్త ఫ్లాట్లు చూడ్డానికి వెళ్తే, వచ్చిన ప్రతి జంటకూ ఒకటి చేతిలో పెట్టి పంపిస్తున్నారు.

కొనేవాళ్ళు లేరు. ఫ్లాట్లన్నీ ఖాళీ. మరి రేటు తగ్గిస్తారా అంటే ఆ ఒక్కటీ అడగొద్దంటారు. "మార్కెట్ డౌనున్నది మేడం, అందుకే రెండు ఏసీలు ఫ్రీ ఇస్తున్నం" అన్నాడు అక్కడి సేల్స్ మనిషి. పటాన్‌చెరు మార్కెట్లో టమాట మిగిలితే పొద్దుగూకేసరికి "ఎంతకో అంతకు తీస్కపో అక్కా" అంటారు. ఇళ్ళు మిగిలితే ఎందుకనరో నాకు అర్థం కాదు. ఇల్లు కుళ్ళదనే ధైర్యం కాబోలు.

పోయిన వారం చూసిన ఇల్లు బాగానే ఉండేది గానీ పక్కన కోళ్ళ షెడ్డు. నేను నోరు తెరవకముందే మా ఆయనే వద్దన్నారు.

దసరాలోపు ఈ ఇల్లు ఖాళీ చేయాలి. కింద ఉండే ఓనరమ్మ కౌసల్యమ్మ పెద్ద కొడుక్కి పెళ్ళి కుదిరింది, ఈ పై వాటా వాళ్ళకట. పాపం, ఆమెను అనడానికేమీ లేదు. ఇన్నేళ్ళు నా మిరపకాయల ఘాటు భరించింది. రుద్రారం హాస్టళ్ళకు నేను కారం, ధనియాల పొడి, సాంబారు పొడి చేసి ఇస్తానని తెలిస్తే కిరాయికి ఇంకెవరూ ఇల్లివ్వరు. కాబట్టి కొనుక్కోవాల్సిందే. భానూర్ పొలంలో మా ఆయన వాటా అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. పొలం ఒక్కసారే అమ్ముతాం. ఇల్లు తప్పుగా కొంటే మళ్ళీ అమ్ముకోవడానికి మా దగ్గర ఇంకేమీ లేదు.

జూన్ 11, మంగళవారం

ఎవరితోనూ చెప్పుకోలేనిది కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. మా ఆయనకు వాసన తెలియడం లేదు.

మందుల కంపెనీలో శివకుమార్ అంటే ముక్కుకు పేరు. ఆయనది సాల్వెంట్ సెక్షన్, ఘాటు రసాయనాలుండే చోటు. ఎక్కడ చుక్క కారినా గ్యాస్ మీటరు కూయకముందే ఆయన చెప్పేవారట. కొత్తగా చేరినవాళ్ళకు "శివన్న ముక్కు" గురించి కథలు చెప్పేవాళ్ళట. ఇంట్లోనూ అంతే. నేను ధనియాలు వేయిస్తుంటే మెట్ల మీద నుంచే "ఇగ దించు, మాడుతది" అని కేకేసేవారు. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఉగాదికి ముందు ఒకరోజు ఫోనులో పడి ధనియాలు బొగ్గు చేశాను. కిటికీలు తెరిచి పొగ పంపేశాను, మూకుడు దాచేశాను, మాడు వాసన మాత్రం గోడలకు పట్టేసింది. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి గట్టిగా పీల్చి, "అబ్బ, కమ్మగున్నది" అన్నారు. ఆటపట్టిస్తున్నారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. బనీను విప్పి తలుపు వెనక తగిలించి స్నానానికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత గమనించాను. బీరువా వెనక ఎలుక చచ్చి ఇల్లు గబ్బు లేస్తే ఆయన అక్కడే కూర్చుని పెరుగన్నం తిన్నారు.

ఎందుకు దాస్తున్నారో తెలుసు. ఆర్డర్లు లేవని మూడు షిఫ్టులు రెండయ్యాయి. కాంట్రాక్టు వాళ్ళను ముందే పంపేశారు. ఇప్పుడు పర్మనెంటు వాళ్ళలో ఎవరిని తీయాలా అని చూస్తున్నారట. ముక్కే ఉద్యోగమైన మనిషి ముక్కు పోయిందని ఎలా చెప్తాడు? నాతోనైనా చెప్పొచ్చు కదా అని మొదట కోపం వచ్చింది. తర్వాత జాలి వచ్చింది. జాలి చూపిస్తే ఆయన అసలు తట్టుకోలేరు. అందుకే ఆయనంతట ఆయన చెప్పేదాకా నేను కదపను.

జూన్ 16, ఆదివారం

త్రినాథరావు అనే బిల్డరు ఇళ్ళు చూశాం. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. కంపెనీల వెనక, ఒక వాగు పక్కన పన్నెండు ఇళ్ళ వరస. పేరు పచ్చతోరణం. రెండే అమ్ముడుపోయాయట, వాటికీ తాళాలే ఉన్నాయి. మా డబ్బుకు అందే సొంత ఇల్లు ఈ చుట్టుపక్కల ఇదొక్కటే. మూడు గదులు, పైన డాబా, వెనకాల నా రోస్టింగ్ పొయ్యికి సరిపోయే ఖాళీ జాగా. మా ఆయన కళ్ళు మెరిశాయి.

"నేను మందుల కంపెనీల పని చేస్త సార్, గాలి సంగతి నాకు చెప్పద్దు" అని బండి దిగుతూనే త్రినాథరావుతో గొప్పగా చెప్పారు.

నాకు బండి దిగగానే ముక్కు మీద గుద్దినట్టయింది. పొద్దున వాన పడి మబ్బు పట్టి ఉంది. కుళ్ళిన గుడ్డు కంపు, దాని మీద ఎవరో సెంటు చల్లినట్టు ఒక తీపి. కొంగు చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే ఆయన నా వైపు తిరిగి మొహంలోకి చూశారు. ఏ ఇంటికి వెళ్ళినా అలాగే చూస్తారు, నాకు నచ్చిందో లేదో అని. బయటి మనిషి ముందు ఆయన మాట తీసేయనా? కొంగు వదిలేసి నవ్వాను.

ఆయన నిండుగా పీల్చి "గాలి మస్తున్నది" అన్నారు.

లోపలికి వెళ్ళాం. ఊపిరి బిగబట్టుకుని ఎంతసేపని తిరుగుతాను? ఎలాగైనా తప్పించాలి. నోటికి వచ్చింది అనేశాను. "వంటిల్లు ఆగ్నేయంల లేదు గద. నాకొద్దు."

"నీకెప్పుడు వట్టింది వాస్తు పిచ్చి?" అన్నారు ఆయన.

"ఇప్పుడే వట్టింది" అన్నాను.

జూన్ 17

అబద్ధమాడాను. వంటిల్లు ఏ మూల ఉందో నేను చూడనే లేదు.

జూన్ 20, గురువారం

ఒకవేళ ఆ రోజు మాత్రమేనేమో, ఎవరైనా ఏదైనా వదిలారేమో అని మనసులో పీకుతోంది. ఇల్లు నిజంగా బాగుంది మరి. అందుకే రుద్రారం వెళ్ళాల్సిన పొడుల సంచులు ఆటోలో వేసుకుని, తెల్లారగానే ముందు అటు పోనిచ్చాను. ఆటో ఆయన దిగలేదు. రుమాలు కట్టుకుని కూర్చున్నాడు.

వాచ్‌మన్ చిన్నరాములు వేపపుల్ల నములుతూ వచ్చాడు. "పొద్దుగాల గిట్లనే ఉంటదమ్మా. ఎండ ముదిరినంక జెర పోతది. మబ్బు వడితె పొద్దంత ఉంటది. అందుకే సారు పదకొండు దాటినంకనే పార్టీలను తోల్కొస్తడు. నేను చెప్పిన్నని అనకుండ్రి."

"నువ్వెట్ల ఉంటున్నవ్ అన్నా?"

"అలవాటైంది. ఊరికి పోతె అక్కడి గాలికి తలకాయ నొస్తది" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక ఆయన ఇంకా ఆ ఇంటి ముచ్చటే చెప్తున్నారు. డాబా మీద మా అమ్మాయి అక్షర చదువుకుంటుందట. మూడో తరగతి పిల్ల డాబా మీద ఏం చదువుతుందో ఏమో. వెనకాల గోడకు పెద్ద ఫ్యాను పెట్టిస్తే నా ఘాటంతా బయటికి పోతుందట. నా ఘాటు బయటికి పోవడం గురించి ఈయన ఆలోచన, బయటి కంపు లోపలికి రావడం గురించి నా ఏడుపు.

జూన్ 23, ఆదివారం

త్రినాథరావు ఫోన్ చేశాడు. "అమ్మా, వంటగది ఆగ్నేయంలోకి తిప్పేస్తున్నానండి. మేస్త్రీని పెట్టేశాను."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ" అన్నాను.

"శ్రమేముందమ్మా. రెండేళ్ళ కిందటైతే వాస్తు అన్నవాళ్ళని గేటు కూడా దాటనిచ్చేవాణ్ణి కాదు. అప్పుడు జనం వరస కట్టేవారు. ఇప్పుడు మీరు ఆగ్నేయమంటే ఆగ్నేయం, ఈశాన్యమంటే ఈశాన్యం. మీరు ఊ అనండి చాలు."

"గేటు గూడ తూర్పుకు లేదు సార్" అన్నాను. గోడ పగలగొట్టాల్సిన పని కదా, ఇంతటితో వదిలేస్తాడని.

"ఓస్, గేటేగా!" అన్నాడు.

జూలై 6

ఆషాఢం వచ్చింది. నెల రోజులు అడ్వాన్సు బయానా మాట ఎత్తరు. బతికాను.

జూలై 14, ఆదివారం

ఆషాఢంలో బయానా ఇవ్వకూడదు గానీ గోడలు పగలగొట్టడానికి ఏ అడ్డూ లేదట. గేటు తూర్పుకు వచ్చేసింది. నేను మెట్లన్నాను, మెట్లు పడమటికి పోయాయి. సెప్టిక్ ట్యాంకు ఈశాన్యంలో ఉందన్నాను, దాన్ని పూడ్చి వాయవ్యంలో తవ్వారు. మంచి రోజుల్లో ఒక్క మేకు కొట్టమన్నా కసురుకునే బిల్డర్లు, ఇప్పుడు నేను వేలు చూపిన చోటల్లా గడ్డపార దింపుతున్నారు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. ఆ అడకత్తెర నేనే తయారు చేసుకున్నాను.

మా ఆయనైతే పండగ చేసుకుంటున్నారు. డ్యూటీ దిగి సగం రోజులు అక్కడికే వెళ్తున్నారు. వెనక గదిలో నాకని పొయ్యి గట్టు తనే కట్టించారు. నడుం వంగకుండా ఉండాలని, నేను నిద్రపోతుంటే దారంతో నా ఎత్తు కొలిచి తీసుకెళ్ళారట. మేస్త్రీ చెప్తే తెలిసింది. ఆ గట్టు దగ్గర నిలబడితే సరిగ్గా సరిపోయింది. ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయన నచ్చిందనుకుని మురిసిపోయారు. నచ్చింది కూడా. అదే కదా ఇబ్బంది.

అక్షర ముక్కు మూసుకుని "అమ్మా, గబ్బు..." అంది. గబుక్కున పక్కకు లాగాను. "నాయిన ముందట అనకు. నాయిన ఖుషీగున్నడు గద, జెరసేపు ఆగు" అన్నాను.

పిల్ల బుగ్గలు పూరించి ఊపిరి ఆపుకుంది. మళ్ళీ బండెక్కేదాకా అలాగే ఆగి ఆగి పీల్చుకుంది. ఆయన దాన్ని చూసి "ఏందే, బుగ్గలు గిట్ల ఊదినవ్?" అని నవ్వారు.

నా బిడ్డకు నేను ఏం నేర్పుతున్నాను?

జూలై 15

ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. ఆయన చికెన్ తెచ్చారు. చెప్పలేదు.

జూలై 21, ఆదివారం

ఆఖరి ఆశగా సంగారెడ్డి నుంచి సంగప్ప సిద్ధాంతిని పిలిపించాను. ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే, వెనక గదిలో ఒంటరిగా దొరికినప్పుడు బతిమాలాను. "అయ్యగారూ, ఏదన్న ఒక్క దోషం సూపెట్టుండ్రి. చిన్నదైనా సరే."

పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నలభై ఏండ్ల సంది ఇండ్లు సూస్తున్న తల్లీ. గింత సాఫుగున్న ఇల్లు నేను సూడలే. దోషాలన్నీ నువ్వే తీయించినవట గద!"

"మరి ఈ కంపు?"

అప్పటిదాకా కండువా ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉన్నాడు. తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అది నా శాస్త్రంల లేదు బిడ్డా. నీ పెనిమిటికి నువ్వే చెప్పాలె."

బయటికి వచ్చి మా ఆయనతో ఇల్లు బంగారంలా ఉందన్నాడు. దక్షిణ తీసుకుని వెళ్ళిపోయాడు. శ్రావణ శుక్రవారం, ఆగస్టు తొమ్మిది, బయానాకు ముహూర్తం పెట్టి మరీ వెళ్ళాడు.

జూలై 30

కాస్త అలవాటు పడొచ్చేమో. చిన్నరాములు పడలేదా? కిటికీలకు మంచి రబ్బరు వేయిస్తే... సాంబ్రాణి వేస్తే... వాగు మీద మూత వేస్తారని కూడా ఎవరో అన్నారు. ఆయనకు తెలియనే తెలియదు, ఆయన మటుకు హాయిగా ఉంటారు. నేను సర్దుకుంటాను. ఆడవాళ్ళు ఎన్నిటికి సర్దుకోవడం లేదు?

పొడులకు ఆ కంపు పట్టేస్తుంది. హాస్టల్ వాళ్ళు ఒక్కసారి సంచి విప్పితే చాలు, మళ్ళీ నా ముఖం చూడరు. అయినా సర్దుకుంటాను.

జూలై 31

అక్షర ఊపిరి ఆపుకోవడం కళ్ళముందు కదులుతోంది. సర్దుకోను.

ఆగస్టు 8, గురువారం

రేపే. అన్నం తింటున్నప్పుడు నోటిదాకా వచ్చింది. "ఏమండి" అన్నాను. ఆయన తలెత్తి చూశారు. ఆ ఇంటికి పసుపు రంగు వేయిద్దామా, తెలుపు వేయిద్దామా అని అడిగారు. పసుపు అన్నాను.

ఆగస్టు 9, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, లేకపోతే రేపు నాకే అబద్ధంగా అనిపిస్తుంది.

మబ్బు పట్టిన రోజు. త్రినాథరావు కొత్త తూర్పు గేటుకు మామిడాకులు కట్టించి, తెల్ల చొక్కా వేసుకుని, స్వీటు డబ్బాతో నిలబడి ఉన్నాడు. మా ఆయన జేబులో బయానా కవరు. అక్షరను బడికి పంపి వచ్చాం, అదొక్కటే ఇవాళ నేను చేసిన మంచి పని. దిగగానే కంపు మామూలుగా లేదు, కళ్ళు మండాయి. ఆయన ఎప్పటిలాగే నా మొహంలోకి చూశారు. అలవాటు కొద్దీ నవ్వాను. ఆయన కవరు బయటికి తీశారు.

"ఒక్క నిమిషం. లోపలికి రండ్రి" అన్నాను.

వెనక గదికి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. ఆ గట్టు దగ్గరే నిలబడ్డాం.

"ఇంకేం దోషం మిగిలింది సరస్వతీ?" అన్నారు. విసుక్కోలేదు, నవ్వుతూనే అడిగారు. "చెప్పు, అది గూడ తీపిద్దాం."

"ఇంటికి దోషం లేదు. గాలి ఖరాబున్నది. మొదటి రోజు సంది గబ్బు కొడుతున్నది. ఇప్పుడైతే నాకు వాంతికొస్తున్నది." ఒక్క గుక్కలో అనేశాను. తర్వాత ఆగలేకపోయాను. "మీకు వాసన తెలుస్తలేదని నాకెరుక. ధనియాలు మాడిన నాటి సంది ఎరుక."

ఆయన గట్టు మీద చెయ్యి పెట్టి నిలదొక్కుకున్నారు. కోపం వస్తుందనుకున్నాను. చిన్నగా, "మరి నువ్వు నవ్వినవ్ గద" అన్నారు.

"ఏంది?"

"మొదటి దినం. బండి దిగంగనే నీ మొఖం సూసిన. నవ్వినవ్. అందుకే గాలి మంచిగున్నదనుకున్న. నా ముక్కు పోయిన సంది నీ మొఖం సూసే తెలుసుకుంటున్న సరస్వతీ. కూర పాచిపోయిందా, పాలు విరిగినయా, అన్ని నీ మొఖంలనే సూస్త. కోళ్ళ షెడ్డు కాడి ఇంట్ల నువ్వు కొంగు అడ్డం పెట్టుకున్నవ్. ఎంటనే వద్దన్న. ఈడ పెట్టుకోలే. ప్రతిసారి సూసిన. ప్రతిసారి నవ్వుతనే ఉన్నవ్."

కింద కూర్చుండిపోయాను. ఆయన పరువు కాపాడుతున్నానని నేను నవ్వాను, ఆ నవ్వును నమ్మి ఆయన మా పొలం డబ్బంతా ఈ కంపులో పోయబోయారు. ఎంత పని చేశాను!

"నాకు చెప్పచ్చు గద" అని ఏడ్చాను.

"నువ్వు చెప్పచ్చు గద" అన్నారు ఆయన. ఆయనకూ కళ్ళు నిండాయి. నా పక్కనే కూర్చున్నారు. "కంపెనీల తెలుస్తదని భయం. నీకు తెలిస్తె... శివన్న ముక్కని ఊరంత చెప్పుకుంటరు, ఇంట్ల పెండ్లానికి ధనియాలు మాడినయో లేదో చెప్పలేకపోతిని. గది మస్తు సిగ్గనిపించింది."

"ధనియాలు నేనే చూసుకుంట తియ్యి" అన్నాను ముక్కు చీదుకుంటూ. ఆయన నవ్వేశారు. నాకూ నవ్వొచ్చింది. ఆ కంపులో, నేల మీద కూర్చుని, ఇద్దరం పిచ్చివాళ్ళలా ఏడుస్తూ నవ్వాం. "ఇప్పటి సంది నాకోసం నవ్వకు. గబ్బుంటె గబ్బు అను" అన్నారు. సరేనని ఆయన చేతిలో చెయ్యి వేశాను.

బయటికి వెళ్ళి ఆయనే చెప్పారు. "ఇల్లు మంచిగున్నది సార్. గాలే మంచిగ లేదు. మాఫ్ చేయుండ్రి."

త్రినాథరావు గొడవ పెట్టుకుంటాడనుకున్నాను. కొత్త మెట్ల మీద కూలబడి స్వీటు డబ్బా పక్కన పెట్టాడు. "ఏం చెప్పమంటారండీ. ఈ స్థలం నేను కూడా మిట్టమధ్యాహ్నమే కొన్నాను" అన్నాడు.

అంత మాట అన్నాక ఆ మనిషి మీద కోపం ఎలా నిలుస్తుంది? పడగొట్టించి కట్టించిన వాటికి ఎంతో కొంత తీసుకోమంటే వద్దన్నాడు. ఎప్పటికైనా ఎవరికో ఒకరికి వాస్తు కావాల్సి వస్తుంది కదా అన్నాడు. వచ్చేవాళ్ళకు పొద్దున పూట చూపించమని చెప్పాను. తల ఊపాడు, చూపిస్తాడో లేదో తెలియదు.

ఆగస్టు 13, మంగళవారం

ఆయన నిన్న కంపెనీలో చెప్పేశారు. నాతో ముందు అనలేదు, చెప్పి వచ్చాకే చెప్పారు. "నా ముక్కు మీద నమ్మకంతోటి పోరగాండ్లు లోపలికి పోతున్నరు. ఇల్లంటె తప్పిచ్చుకున్నం. ఆడ ఏమన్నయితె?" అన్నారు.

ఉద్యోగం తీసేయలేదు. ప్యాకింగుకు మార్చారు. జీతం తగ్గింది, ఓవర్‌టైము లేదు. డాక్టరు ముక్కులో లైటు వేసి చూసి, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. మూడు గదుల ఇల్లు ఇక మా మాటల్లో ఉండదు.

అయినా ఆయన హాయిగా నిద్రపోతున్నారు.

ఆగస్టు 25, ఆదివారం

ఇల్లు వెతకడం కొత్త పద్ధతిలో సాగుతోంది. కోడి కూయకముందే బయల్దేరుతున్నాం. బ్రోకర్లు తిట్టుకుంటున్నారు, గీ టైముల ఇండ్లు ఎవరు సూస్తరు అని. చినుకు పడితే ఇంకా మంచిదని పరుగెత్తుతున్నాం. బండి ఆపగానే ఆయన "ఏందిప్పుడు?" అని అడుగుతారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఒకచోట డ్రైనేజీ అన్నాను. ఒకచోట రబ్బరు కాలుతోందన్నాను. ఒకచోట ఇంటివాళ్ళ ముందే "ఛీ" అన్నాను. పరువు పోయిందనుకున్నాను గానీ ఆయన బండి మీద ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నారు.

సెప్టెంబర్ 1, ఆదివారం

నిన్నటి నుంచి ఒకటే వాన. వద్దన్నా వినకుండా ఆయనే లేపారు. సంగారెడ్డిలో, పాత బస్తీ వైపు, దశరథ్ అనే రిటైర్డు టీచరు ఇల్లు. రెండు గదులు, వెనక రేకుల షెడ్డు. డాబా లేదు. గోడలకు చెమ్మ. మా ఆయన కంపెనీకి బస్సులో చాలా దూరం పోవాలి. దశరథ్ సారు గొడుగు పట్టుకుని తలుపు తీసి, "చూసుకోండి, నేను చాయ్ పెట్టిస్తాను" అని పక్కింట్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళాడు.

ఖాళీ గదిలో ఇద్దరమే నిలబడ్డాం.

"చెప్పు" అన్నారు ఆయన.

ముక్కుతో నెమ్మదిగా పీల్చాను. "సున్నం వాసన, తడిసింది. చెమ్మ ఉన్నది, దాచేది లేదు. పక్కింట్ల ఉల్లిగడ్డ ఏగుతున్నది. చాయ్ల అల్లం వేసిన్రు. బయట మట్టి. ఎవరో బర్రెను కట్టేసినట్టున్రు, దూరంగ."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"కంపెనీ వాసన?"

"లేదు."

ఆయన కిటికీలోంచి వాన చూస్తూ నిలబడ్డారు. ఇంటి గురించి ఆలోచిస్తున్నారనుకున్నాను. నా వైపు చూడకుండానే అడిగారు. "సరస్వతీ... మరి నా మీద?"

నాకు అర్థం కాలేదు.

"పదకొండేండ్లు ఆ సాల్వెంట్ వాసన మోసుకచ్చి నీ పక్కల పండుకున్న. సబ్బు రుద్ది రుద్ది పోయిందా లేదా అని నా ముక్కుతోటి నేనే సూసుకుంటుంటి. ముక్కు పోయినంక అది గూడ తెలుస్తలేదు. నీ పక్కకు రావాలంటె భయమైతది. ఇంకా వస్తుందా?"

ఆయన కొన్ని నెలలుగా గోడ వైపు తిరిగి ఎందుకు పడుకుంటున్నారో అప్పుడు తెలిసింది. నేనేమో నా మీద మనసు తప్పిందనుకుని ఈ డైరీలో కూడా రాసుకోలేదు.

దగ్గరికి వెళ్ళి ఆయన మెడ దగ్గర ముక్కు ఆనించాను. తడిసిన చొక్కా, అట్టపెట్టెల దుమ్ము, కొంచెం చెమట, పొద్దున నేను పెట్టిన కొబ్బరినూనె.

"లేదు" అన్నాను. "మీ వాసనే వస్తున్నది."

"నా కోసం చెప్తలేవు గద?"

"చెయ్యిల చెయ్యేసిన గద."

"ఇంకోసారి సూడు" అని ఆయన నాకు అందేలా తల వంచారు. మళ్ళీ చూశాను. దశరథ్ సారు చాయ్ తెచ్చి గుమ్మంలో ఆగిపోయి దగ్గేదాకా చూస్తూనే ఉన్నాను.